ఇరవై ఏళ్లు కోడు రాశాక: పాత సాంకేతికత, కొత్త సాంకేతికత మీద నా అభిప్రాయాలు

నల్లతెర (చర్చ ప్రారంభించిన సభ్యుడు)

అందరికీ నమస్కారం. నేను సాఫ్ట్‌వేర్ రాయడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఈ మధ్య మా బృందంలో ఒక పాత ప్రోగ్రామును పక్కన పెట్టి కొత్తగా రాయాలా వద్దా అన్న చర్చ వారాల తరబడి సాగింది. అందులో నేను విన్న వాదనలు సగానికి పైగా "ఇది పాతది" అన్న ఒక్క మాట దగ్గరే ఆగిపోయాయి. అందుకే ఈ విషయంలో నాకున్న అభిప్రాయాలను ఒకచోట రాసి, మీ అనుభవాలతో సరిచూసుకోవాలనిపించింది.

ముందుగా నేను రోజూ వాడే పనిముట్ల వయసు లెక్క వేసుకున్నాను. డేటాబేస్‌ను అడగడానికి వాడే ఎస్‌క్యూఎల్ 1974 నాటి సీక్వెల్ భాషకు వారసురాలు. లాగుల్లో, అంటే ప్రోగ్రాములు తమ పని గురించి రాసుకునే చిట్టాల్లో, వెతకడానికి వాడే గ్రెప్, ఒక కమాండు ఫలితాన్ని మరో కమాండుకు అందించే పైపు, రెండూ 1970ల తొలి సంవత్సరాల్లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టాయి. నా ఎడిటర్ విమ్ 1991లో వచ్చినా, దానిలో నా వేళ్లకు పట్టుబడిన అలవాట్లన్నీ 1976లో బిల్ జాయ్ రాసిన వీఐ నుంచి వచ్చినవే. వీటి పక్కన 2005లో వచ్చిన, కోడు మార్పుల చరిత్రను దాచే గిట్ చిన్నపిల్ల. ఇవేవీ అభిమానం కొద్దీ అట్టిపెట్టుకున్నవి కావు. వీటికంటే బాగా పనిచేసేది కనబడితే ఆ రోజే మారతాను.

ఇక తిరగరాయడం గురించి. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక సంస్థలో ప్రతి రాత్రి బిల్లుల మొత్తాలు లెక్కగట్టే ఒక సి ప్రోగ్రాము ఉండేది. అది రాసినవారు ఎప్పుడో వెళ్లిపోయారు, పత్రాలేవీ లేవు, చదివితే కళ్లు తిరిగేవి. మేము ముగ్గురం ఆరు నెలలు కష్టపడి దాన్ని శుభ్రంగా, పరీక్షలతో సహా కొత్త భాషలో రాశాము. మొదటి నెల చివర్లో రెండు ప్రోగ్రాముల మొత్తాలు పోల్చి చూస్తే కొన్ని వేల బిల్లుల్లో చివరి అంకె తేడా వచ్చింది. పాత ప్రోగ్రాము బిల్లులోని ప్రతి వరుసనూ విడివిడిగా దగ్గరి అంకెకు సర్ది, ఆ తర్వాత కూడేది. మేము ముందు అన్నీ కూడి, చివర ఒకేసారి సర్దాము. దానికి తోడు, విలువ సరిగ్గా సగం దగ్గర పడినప్పుడు పాత ప్రోగ్రాము పక్కనున్న సరిసంఖ్య వైపు సర్దేది, మాది ఎప్పుడూ పైకే సర్దేది. ఆ చిన్న షరతును మేము ఎవరి పొరపాటో అనుకుని తీసేశాము. నిజానికి అది ఎవరో లెక్కల తేడాతో దెబ్బ తిన్నాక కావాలని పెట్టిన నియమం. ఎందుకు పెట్టారన్నది మాత్రం వారితోనే వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి నాకు ఒక కొలమానం ఏర్పడింది. ఒక సాంకేతికత వయసు ఎంత అని అడగడం మానేసి, అది ఏయే రకాలుగా చెడిపోతుందో ఎవరికైనా తెలుసా, తెలిస్తే ఎక్కడైనా రాసి పెట్టారా అని అడుగుతున్నాను. పాతవాటికి ఇక్కడ సహజంగానే మేలు ఉంటుంది, ఎందుకంటే వాటితో చాలామంది ఇప్పటికే దెబ్బలు తిన్నారు. కొత్తవాటిలో నాకు మనస్ఫూర్తిగా నచ్చినది రస్ట్ భాష. ప్రోగ్రామును దానికి కావాల్సినవాటితో సహా ఒక పెట్టెలా కట్టి నడిపే కంటైనర్లు ఉపయోగపడ్డాయి గానీ వాటి చుట్టూ పెరిగిన పరికరాలు నన్ను అలసటకు గురిచేస్తున్నాయి. బ్రౌజర్ వైపు ఫ్రేమ్‌వర్కుల గురించి మాట్లాడేంత అనుభవం నాకు లేదు. మీరేమంటారు?

---

కొత్తచిగురు

నల్లతెర గారూ, మీ బిల్లుల కథ చదివి చాలా నేర్చుకున్నాను, కానీ మీ కొలమానంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. నాకు ఈ రంగంలో నాలుగేళ్ల అనుభవమే ఉంది, కాబట్టి తప్పుంటే దిద్దండి.

> అది ఏయే రకాలుగా చెడిపోతుందో ఎవరికైనా తెలుసా

సి భాషలో కేటాయించిన హద్దు దాటి మెమరీ చదవడం, విడిచిపెట్టిన మెమరీని మళ్లీ వాడడం వంటి తప్పులు దాదాపు యాభై ఏళ్లుగా అందరికీ తెలుసు, వాటి మీద పుస్తకాలున్నాయి, హెచ్చరికలున్నాయి, తనిఖీ పరికరాలున్నాయి. అయినా 2014లో బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం సరిగ్గా అదే రకం. వెబ్ సంభాషణలను గుప్తీకరించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో అవతలివారు చెప్పిన పొడవును తనిఖీ చేయకుండా నమ్మి, ఒక్కో అభ్యర్థనకు 64 కిలోబైట్ల వరకు సర్వర్ మెమరీని బయటికి పంపేశారు. తమ ఉత్పత్తుల్లో ఏటా సరిదిద్దే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ తప్పులేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. తీవ్రమైన లోపాల విషయంలో, క్రోమ్ బ్రౌజర్‌కు ఆధారమైన క్రోమియం బృందం కూడా ఆ తర్వాత అదే స్థాయి అంకె ఇచ్చింది. ఎలా చెడిపోతుందో ఇంత బాగా తెలిసినా అది చెడిపోతూనే ఉందంటే, ఆ జ్ఞానం మనల్ని కాపాడలేదనే కదా అర్థం? తెలిసిన గుంతలో యాభై ఏళ్లుగా పడుతూ, ఆ గుంత మనకు బాగా తెలుసని సంతోషించడం నాకు సరైనదిగా అనిపించదు.

ఇంకొక చిన్న ఉదాహరణ చెబుతాను. 1976లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ రాసిన, కోడు నుంచి ప్రోగ్రామును నిర్మించే మేక్ పరికరంలో కమాండు వరుసకు ముందు ట్యాబ్ అక్షరమే ఉండాలి, ఖాళీలు ఉండకూడదు. అది ఇబ్బంది అని ఆయనకు వెంటనే తెలిసింది, కానీ అప్పటికే పన్నెండు మంది దాకా వాడుతున్నారని మార్చలేదు. ఆ పన్నెండు మందిని ఇబ్బంది పెట్టకూడదనుకున్న నిర్ణయం వల్ల, నేను పుట్టకముందు నుంచి ఎన్ని లక్షల మంది ఆ ట్యాబ్ దగ్గర గంటలు పోగొట్టుకున్నారో ఊహించండి. నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారంలో ఒక సాయంత్రమంతా అలాగే పోగొట్టుకున్నాను. పాతవారికి అలవాటైపోయిన ఇబ్బంది కొత్తవారికి ప్రతిసారీ కొత్తగానే తగులుతుంది. పాత సాంకేతికతను మెచ్చుకునేవారు ఈ ఖర్చును లెక్కలో చూపించరు.

---

నిలువువరుస

నేను డేటాబేస్‌ల నిర్వహణ చూస్తాను. కొత్తచిగురు గారి వాదనలో బలముంది, కానీ ఎస్‌క్యూఎల్ విషయంలో కథ వేరుగా నడిచిందని చెప్పాలి.

2009 ప్రాంతంలో మొదలైన నోఎస్‌క్యూఎల్ కెరటాన్ని, అంటే ఎస్‌క్యూఎల్ లేని డేటాబేస్‌ల వైపు మళ్లిన ధోరణిని, నేను దగ్గరగా చూశాను. టేబుళ్లు, వాటిని కలిపి చదివే జాయిన్లు, కొన్ని మార్పులు అన్నీ కలిసి జరిగేలా లేదా ఏదీ జరగకుండా చూసే ట్రాన్సాక్షన్లు పాత కాలపు బరువులని, పెద్ద స్థాయిలో అవి పనికిరావని అప్పట్లో ఎందరో నమ్మారు, నేనూ కొంత నమ్మాను. గూగుల్ 2006లో బిగ్‌టేబుల్ గురించి, అమెజాన్ 2007లో డైనమో గురించి ప్రచురించిన పత్రాలు ఆ నమ్మకానికి ఊతమిచ్చాయి. కానీ ఆ పత్రాలు వర్ణించిన సమస్యలు ఆ సంస్థలవి. మా దగ్గరున్న డేటా మొత్తం ఒకే సర్వర్‌లో ఇమిడిపోయేది. ఆ రోజుల్లో మా బృందం, టేబుళ్లకు బదులు ఒక్కో రికార్డునూ ఒక పత్రంలా దాచే డాక్యుమెంట్ డేటాబేస్‌కు మారింది. రెండేళ్ల తర్వాత చూస్తే, రెండు రికార్డులు కలిసి మారాల్సిన ప్రతిచోటా మేమే ట్రాన్సాక్షన్లను అరకొరగా కోడులో రాసుకుంటున్నాము. మధ్యలో సర్వర్ ఆగిపోయినప్పుడల్లా సగం మారిన రికార్డులు మిగిలేవి, వాటిని సరిదిద్దడానికి ప్రతి సోమవారం ఒక స్క్రిప్టు నడిపేవాళ్లం.

ఆ తర్వాత ఏం జరిగిందో గమనించండి. 2012లో గూగుల్ ప్రచురించిన స్పానర్ పత్రం ప్రపంచమంతా విస్తరించిన డేటాబేస్‌లో ట్రాన్సాక్షన్లను తిరిగి తెచ్చింది. డాక్యుమెంట్ డేటాబేస్ అయిన మోంగోడీబీ 2018లో తన 4.0 వెర్షన్‌లో ఒకటికి మించిన డాక్యుమెంట్ల మీద ట్రాన్సాక్షన్లకు అవకాశం కల్పించింది. అటువైపు ఎస్‌క్యూఎల్ డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్ 2014లోనే జేసన్ అనే పత్రాల తరహా డేటాను సమర్థంగా దాచే జేసన్‌బీ రకాన్ని చేర్చుకుంది. అంటే కొత్తది పాతదాని దగ్గర, పాతది కొత్తదాని దగ్గర నేర్చుకున్నాయి. ఈ పరస్పర అభ్యాసాన్ని ఓటమి, గెలుపు అని పిలవడం నాకు నచ్చదు.

ఎస్‌క్యూఎల్ ఇంతకాలం నిలవడానికి అసలు కారణం 1970లో ఎడ్గార్ కాడ్ రాసిన పత్రంలోనే ఉందని నా అభిప్రాయం. డేటా డిస్కు మీద ఎలా అమరి ఉందో వాడేవారికి తెలియాల్సిన అవసరం ఉండకూడదన్నది ఆయన ఆలోచన. ఏం కావాలో మనం చెబుతాము, ఎలా తేవాలో డేటాబేస్ నిర్ణయించుకుంటుంది. కాబట్టి తిరిగే డిస్కులు పోయి ఎస్‌ఎస్‌డీలు వచ్చినా, ఒక ప్రాసెసర్ కోర్ స్థానంలో అరవై నాలుగు వచ్చినా, ముప్పై ఏళ్ల క్రితం రాసిన క్వెరీ ఒక్క అక్షరం మారకుండా ఇంకా వేగంగా నడుస్తుంది. మేక్‌లోని ట్యాబ్ తన అమలు వివరాన్ని వాడేవారి నెత్తిన పెట్టింది, ఎస్‌క్యూఎల్ దాచిపెట్టింది. పాతవాటిలో ఏది బాగా ముసలిదవుతుందో చెప్పడానికి నాకు ఇదే గుర్తు.

---

మూడోషిఫ్టు

రాత్రిపూట సర్వర్లు పడిపోతే లేచి చూసే ఉద్యోగం నాది, కాబట్టి నా దృష్టి కాస్త ఇరుకుగా ఉండవచ్చు. నల్లతెర గారు కంటైనర్ల చుట్టూ పెరిగిన పరికరాల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నేను కొంచెం విడమరిచి చెబుతాను.

కంటైనర్ అన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ఒక ప్రోగ్రాముకు ఫైల్ వ్యవస్థలో ఒక మూల మాత్రమే కనబడేలా చేసే సీహెచ్‌రూట్ 1979 నాటి యూనిక్స్‌లోనే ఉంది. 2000లో యూనిక్స్ కుటుంబానికి చెందిన ఫ్రీబీఎస్‌డీ దాన్ని జైల్స్ పేరుతో పెంచింది. 2008లో లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో, ఒక్కో ప్రోగ్రాము ఎంత మెమరీ, ప్రాసెసర్ వాడవచ్చో పరిమితం చేసే సీగ్రూపులు చేరాయి. 2013లో వచ్చిన డాకర్ వీటన్నిటినీ ఒక ఫైలుతో నిర్మించి, ఒక కమాండుతో ఎక్కడికైనా పంపేలా సులభం చేసింది. ఆ సులభం చేయడం చాలా గొప్ప పని, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. "నా కంప్యూటర్‌లో పనిచేసింది" అన్న మాట నేను వినడం తగ్గింది.

అయితే పొరలు పెరిగినప్పుడు రాత్రి రెండు గంటలకు నాకు ఎదురయ్యే ప్రశ్న మారిపోయింది. ఒకప్పుడు సర్వర్‌లోకి వెళ్లి లాగు ఫైలు తెరిచేవాణ్ణి. ఇప్పుడు అభ్యర్థన ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికి ముందు అది ఏ యంత్రం మీద ఏ కంటైనర్‌లో నడిచిందో వెతకాలి, ఆ కంటైనర్ అప్పటికే ఆగి చెరిగిపోయి ఉంటుంది. కిందటేడాది మా దగ్గర సేవలన్నీ ఒకదానినొకటి అందుకోలేక నలభై నిమిషాలు స్తంభించాయి. ప్రతి బృందమూ తమ కోడులోనే తప్పు వెతికింది. చివరికి తేలిందేమంటే, కంటైనర్లలో ఉన్న ఒక సెట్టింగు వల్ల బయటి పేరు ఒక్కదాన్ని వెతకడానికి ఐదారు డీఎన్‌ఎస్ (పేరు ఇస్తే నెట్‌వర్కు చిరునామా చెప్పే వ్యవస్థ) ప్రశ్నలు వెళ్తున్నాయి, రద్దీ పెరిగేసరికి డీఎన్‌ఎస్ సర్వర్ మోయలేకపోయింది. డీఎన్‌ఎస్ 1983లో పుట్టింది, దానిలో ఏ లోపమూ లేదు. కొత్త పొర దాన్ని ఎలా వాడుతోందో మాలో ఒక్కరికీ తెలియకపోవడమే లోపం.

కాబట్టి నల్లతెర గారి కొలమానానికి నేనొక చేర్పు కోరుతున్నాను. ప్రపంచంలో ఎవరికో తెలిస్తే చాలదు. ఆ రాత్రి ఫోను ఎత్తేవారికి తెలిసి ఉండాలి.

---

గణితపురుగు

శాస్త్రీయ గణన రంగం నుంచి ఒక మాట. మా దగ్గర పాత, కొత్త అన్నవి వేర్వేరు గదుల్లో ఉండవు, ఒకదాని మీద ఒకటి కూర్చుని ఉంటాయి. విద్యార్థి పైథాన్‌లో ఒక్క వరుస రాసి సమీకరణాల సమూహాన్ని సాధిస్తాడు. ఆ వరుస నంపై అనే పైథాన్ గణన లైబ్రరీ గుండా దిగి, మాత్రికల లెక్కలు చేసే ల్యాప్యాక్‌ను చేరుతుంది, ల్యాప్యాక్ 1992లో ఫోర్ట్రాన్‌లో వెలువడింది, అది నిలబడింది 1979 నాటి బీఎల్‌ఏఎస్ అన్న ప్రాథమిక ప్రక్రియల మీద. ఫోర్ట్రాన్ స్వయంగా 1957లో ఐబీఎమ్‌లో జాన్ బ్యాకస్ బృందం నుంచి వచ్చింది. ఆ విద్యార్థి తాను కొత్త భాషలో పనిచేస్తున్నాననే అనుకుంటాడు, అదీ నిజమే.

ఆ పాత కోడును ఎందుకు మార్చరని నన్ను తరచూ అడుగుతారు. మాత్రికల గణనలో సూత్రం సరైనదైనా జవాబు తప్పు రావచ్చు, ఎందుకంటే ప్రతి అడుగులోనూ చిన్న దశాంశ దోషం చేరుతుంది, అడుగుల క్రమం సరిగా లేకపోతే ఆ దోషం పెరిగి అసలు విలువను మింగేస్తుంది. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 అని చూపించడం చాలామంది చూసే ఉంటారు. దానికి మూలం 1985 నాటి ఐట్రిపుల్‌ఈ 754 ప్రమాణం పాటించే ద్విసంఖ్యా రూపం. ల్యాప్యాక్ రాసినవారు ఈ దోషాలు ఎక్కడ ఎంత పెరుగుతాయో గణితంతో హద్దులు కట్టారు. ఆ హద్దులే దాని విలువ, అది రాసిన భాష కాదు. ఎవరైనా అవే హద్దులను నిలుపుతూ మరో భాషలో రాస్తే నేను సంతోషంగా స్వీకరిస్తాను.

నల్లతెర గారు చెప్పిన సరిసంఖ్య వైపు సర్దుబాటు కూడా ఆ 754 ప్రమాణంలో డిఫాల్ట్ పద్ధతే. ఎప్పుడూ పైకే సర్దితే లక్షల విలువల మొత్తం మెల్లగా ఒకవైపుకు జరుగుతుంది, సరిసంఖ్య వైపు సర్దితే ఆ వాలు చాలావరకు రద్దవుతుంది. ఆ పాత ప్రోగ్రాము రాసినవారికి ఇది తెలిసే ఉంటుంది. ఒక్క వరుస వ్యాఖ్య రాసి ఉంటే మీ బృందానికి అంత శ్రమ తప్పేది.

---

నల్లతెర

అందరికీ ధన్యవాదాలు. కొత్తచిగురు గారి వాదన మీద రెండు రోజులు ఆలోచించాను, ఆమె చెప్పినదాంట్లో ముఖ్యభాగాన్ని ఒప్పుకుంటున్నాను. లోపం తెలియడం వేరు, ఆ లోపం జరగకుండా నిరోధించడం వేరు. రస్ట్ నాకు నచ్చడానికి కారణం కూడా అదేనని ఇప్పుడు స్పష్టంగా కనబడుతోంది. సి రాసేవారు యాభై ఏళ్లుగా జాగ్రత్తగా ఉండమని ఒకరికొకరు చెప్పుకున్న నియమాలను, అంటే ఒక మెమరీకి యజమాని ఎవరు, దాన్ని అరువు తీసుకున్నవారు ఎంతసేపు ఉంచుకోవచ్చు అన్నవాటిని, అది కంపైలర్ చేత అమలు చేయిస్తుంది. పాత అనుభవాన్ని మనిషి జ్ఞాపకం నుంచి తీసి యంత్రం తనిఖీలోకి మార్చిన కొత్తదనం అది. 2015లో రస్ట్ 1.0 వచ్చింది, 2022 డిసెంబరులో లినక్స్ కెర్నెల్ 6.1లో దానికి చోటు దొరికింది. అంత జాగ్రత్తగా ఉండే కెర్నెల్ నిర్వాహకులు ద్వారం తెరవడం చిన్న విషయం కాదు.

అయితే నా కొలమానానికి మరో వైపు నుంచి కూడా గండి ఉందని మూడోషిఫ్టు గారి అనుభవం చూశాక తోచింది. పాత కోడు ఎలా చెడిపోతుందో మనకు తెలిసినది అది ఇంతకాలం పనిచేసిన చోట మాత్రమే. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ తొలి ప్రయోగంలో దాదాపు 37 సెకన్లకే అదుపు తప్పి నాశనమైంది. దిశను లెక్కించే వ్యవస్థలోని కోడు ఏరియన్ 4లో చక్కగా పనిచేసినదే. కొత్త రాకెట్ అడ్డంగా మరింత వేగంగా కదలడంతో, ఒక 64 బిట్ల దశాంశ విలువ 16 బిట్ల పూర్ణాంకంలో ఇమడలేదు. ఆ గణన చేసే భాగం ఏరియన్ 5లో నేల విడిచిన తర్వాత అసలు అవసరమే లేదు. పాత రాకెట్‌కు కావాల్సింది కాబట్టి అలాగే ఉంచేశారు. ఆ కోడు పాతబడలేదు, చెడిపోలేదు, దాని చుట్టూ ఉన్న ప్రపంచం మారింది. మేము మా పాత ప్రోగ్రామును కొత్త సర్వర్లకు తరలిస్తున్న ఈ సమయంలో నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే.

---

పాతతీగ

నెట్‌వర్కుల్లో ముప్పై ఏళ్లు గడిపాను. ఈ చర్చలో ప్రోటోకాళ్ల, అంటే యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే నియమాల, మాట రాలేదు కాబట్టి చెప్పాలనిపించింది.

ప్రోగ్రామును మార్చడం మీ చేతిలో ఉంటుంది. ప్రోటోకాలును మార్చాలంటే మీకు పరిచయమే లేని కోట్ల యంత్రాలు ఒప్పుకోవాలి. 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ మొత్తం ఒకే రోజున, డేటాను ముక్కలుగా పంపి చేర్చే టీసీపీ, ఐపీలకు మారింది. అప్పుడు యంత్రాలు వందల్లోనే ఉన్నాయి కాబట్టి అది సాధ్యమైంది. మరిన్ని చిరునామాలు ఇచ్చే ఐపీ కొత్త రూపమైన ఐపీవీ6 తొలి నిర్దేశం 1995లో వచ్చింది, పాత చిరునామాల చివరి పెద్ద భాగాలు 2011 ఫిబ్రవరిలో పంచడం అయిపోయాయి, అయినా నేటికీ రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి. ఐపీవీ6 బాగా లేకపోవడం ఇందుకు కారణం కాదు. పాతదానితో నేరుగా మాట్లాడలేకపోవడమే కారణం.

దీనికి ఎదురుగా టీసీపీని చూడండి. 1986 అక్టోబరులో ఇంటర్నెట్ రద్దీతో కుప్పకూలడం మొదలైంది. కొన్ని వందల గజాల దూరంలో ఉన్న లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకు, బర్కిలీ విశ్వవిద్యాలయానికి మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. వాన్ జేకబ్‌సన్ 1988లో ప్రచురించిన పరిష్కారం ప్యాకెట్ రూపాన్ని ముట్టుకోలేదు, పంపేవారు ఎప్పుడు ఎంత పంపాలో నిర్ణయించే పద్ధతిని మాత్రమే మార్చింది. అందుకే ఒక యంత్రం మారినా, పక్కది మారకపోయినా నెట్‌వర్కు నడిచింది. నిలువువరుస గారు ఎస్‌క్యూఎల్ గురించి చెప్పినదీ ఇదే సూత్రం. వెబ్ పేజీలను తెచ్చే, 2022లో ప్రమాణమైన హెచ్‌టీటీపీ/3 కూడా ఇలాంటి దారే పట్టింది. దాని కింద ఉన్న క్విక్ అనే రవాణా ప్రోటోకాలు కొత్తది, కానీ దారిలోని పాత పరికరాలు అడ్డుకోకుండా ఉండేందుకు అది 1980 నాటి యూడీపీ అనే సాదా ప్రోటోకాలు మీద ప్రయాణిస్తుంది.

నా వయసువారికి ఆత్మీయమైన ఒక విషయం చెప్పి ముగిస్తాను. 1977లో బయలుదేరిన వోయేజర్ 1 అంతరిక్ష నౌక నుంచి 2023 నవంబరులో అర్థం లేని సంకేతాలు రావడం మొదలైంది. దానిలోని ఒక మెమరీ చిప్ పాడైందని ఇంజనీర్లు కనుక్కున్నారు. ఆ చిప్‌లో ఉన్న కోడును ముక్కలుగా విడదీసి, మెమరీలో మిగిలిన ఖాళీల్లో అమర్చి, 2024 ఏప్రిల్‌లో దాన్ని తిరిగి మాట్లాడించారు. సంకేతం ఒకవైపు వెళ్లడానికే ఇరవై రెండున్నర గంటలు పట్టే దూరంలో ఉన్న యంత్రం అది. ఒక మార్పు సరైనదో కాదో తెలియడానికి దాదాపు రెండు రోజులు ఆగాలి. నాలుగు దశాబ్దాల నాటి పత్రాలను చదవగలిగినవారు ఉండబట్టే అది సాధ్యమైంది. ఆ వార్త చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి.

---

తొలిమెట్టు

పెద్దలందరికీ నమస్కారం. నేను చివరి సంవత్సరం విద్యార్థిని. ఈ చర్చ మొదటి నుంచి చదివాను. మా తరగతిలో చాలామంది కోడును ఏఐ సహాయకుల చేత రాయించుకుంటున్నారు. ఇలాంటి సమయంలో టీసీపీ, ఎస్‌క్యూఎల్ లోపలి పనితీరు నేర్చుకోవడానికి నెలలు వెచ్చించడం ఇంకా అవసరమేనా? నిజంగా తెలియక అడుగుతున్నాను.

---

కొత్తచిగురు

తొలిమెట్టు గారూ, నేను ఆ సహాయకులను రోజూ వాడతాను, వాటి వల్ల నా పని వేగం పెరిగింది, వాడొద్దని చెప్పను. ఒక్క సంఘటన మాత్రం చెబుతాను. రెండు నెలల క్రితం ఒక సహాయకుడు నాకు ఇచ్చిన కోడు చూడడానికి చక్కగా ఉంది, పరీక్షలన్నీ దాటింది. సమీక్షించిన సీనియర్ ఒక్క చూపులో ఆపారు. వాడుకరి టైపు చేసిన మాటను నేరుగా క్వెరీ వాక్యంలో అతికించి పంపే వరుస అందులో ఉంది. అది ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్, 1990ల చివరి నుంచి అందరికీ తెలిసిన దాడి, విలువలను పారామీటర్లుగా విడిగా పంపడం దానికి అంతే పాత మందు. అంతర్జాలంలో పాత తప్పుడు ఉదాహరణలు కోకొల్లలు, వాటి నుంచి నేర్చుకున్న పరికరం వాటిని కొత్త కోడులోకి తెస్తుంది. నేను పైన నల్లతెర గారితో వాదించినదానికి ఇది కొంత వ్యతిరేకమని నాకు తెలుసు. లోపాన్ని యంత్రమే ఆపాలని అన్నాను, ఇక్కడ ఆపింది మనిషి జ్ఞాపకమే.

కాబట్టి నేర్చుకోండి. క్వెరీ ఎలా నడుస్తుందో తెలిసినవారికే ఆ వరుసలో ప్రమాదం కనబడుతుంది.

---

గణితపురుగు

తొలిమెట్టు గారికి ఒక చిన్న సలహా. అన్నిటి లోపలికీ వెళ్లనక్కర్లేదు. మీరు నేరుగా వాడేదానికి ఒక్క పొర కింద ఏముందో తెలుసుకుంటే చాలు, అవసరం వచ్చినప్పుడు ఆ కింది పొర మిమ్మల్ని తర్వాతిదానికి తీసుకెళ్తుంది.

---

మూడోషిఫ్టు

నల్లతెర గారు చుట్టూ ఉన్న ప్రపంచం మారడం గురించి రాసినది నా మనసులో ఉండిపోయింది. యూనిక్స్ కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కిస్తుంది. ఆ సంఖ్యను 32 బిట్లలో దాచిన చోటల్లా అది 2038 జనవరి 19న, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) 03:14:07 తర్వాత నిండిపోతుంది. అది ఇంకా దూరమని నేనెప్పుడూ పట్టించుకోలేదు. నిన్న మా మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో టైమ్‌స్టాంప్ రకం ఉన్న నిలువు వరుసలన్నిటినీ జాబితా తీశాను. ఎక్కువభాగం రికార్డు సృష్టించిన సమయాలే, వాటికి తొందర లేదు. కానీ ఒకటి ఒప్పందాలు ముగిసే తేదీ. మా ఒప్పందాల్లో కొన్ని పదిహేనేళ్లవి. వాటి ముగింపు తేదీ ఇప్పటికే 2038 దాటుతోంది, ఆ రకం అలాంటి విలువను దాచలేదు. పాత కోడు ఆ దోషాన్ని పట్టించుకోకుండా ఆ గడిని ఖాళీగా వదిలేస్తోందని ఇప్పుడు తెలిసింది. నిలువువరుస గారూ, దీన్ని డేట్‌టైమ్ రకానికి మారిస్తే సరిపోతుందా?

---

నిలువువరుస

సరిపోతుంది, కానీ ఒక జాగ్రత్త తప్పనిసరి. టైమ్‌స్టాంప్ రకం విలువను లోపల యూటీసీలో దాచి, చూపించేటప్పుడు కనెక్షన్ కాలమండలానికి మార్చి ఇస్తుంది. డేట్‌టైమ్ రకం మీరు ఇచ్చినదాన్ని అలాగే దాచి, అలాగే ఇస్తుంది. రకం మార్చే క్షణంలో మీ కనెక్షన్ ఏ కాలమండలంలో ఉంటే ఆ సమయమే శాశ్వతంగా స్థిరపడిపోతుంది. కాబట్టి ముందుగా ఆ కనెక్షన్ కాలమండలాన్ని యూటీసీకి పెట్టి, ఆ తర్వాతే మార్పు నడపండి. ఆ నిలువు వరుసను చదివే, రాసే ప్రతి ప్రోగ్రామూ ఇకపై యూటీసీగానే భావించేలా అదే రిలీజులో సరిదిద్దండి, లేకపోతే అర్ధరాత్రి దగ్గర ముగిసే ఒప్పందాలు ఒక రోజు ముందుకో వెనక్కో జరుగుతాయి. ఖాళీగా మిగిలిన గడులను మూల పత్రాల నుంచి మళ్లీ నింపాల్సి ఉంటుంది, వాటిని ఊహించి నింపకండి.

ఈ కారణాన్ని మార్పు చేసే స్క్రిప్టులోనే వ్యాఖ్యగా రాయండి.

---

మూడోషిఫ్టు

చాలా ధన్యవాదాలు. రేపు రాత్రి ముందు నకలు డేటాబేస్ మీద నడిపి, మార్పుకు ముందు, తర్వాత తీసిన జాబితాలను పోల్చి చూస్తాను. వ్యాఖ్య ఇప్పుడే రాసి పెట్టాను, 2038 తేదీతో సహా.